మన జట్టు ఎవరి సొత్తు?

పత్రిక చేతికి రాగానే వంటల పేజీకో, పిల్లల పేజీకో వెళ్లిపోయే పాఠకులు ఈసారి ఇక్కడ కాసేపు ఆగాలని మనవి. ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. "క్రికెట్టు ఉండగా ఇదెందుకండీ?" అని పెద్దలు అనుకోవచ్చు. కాని మన ఇళ్లలో శనివారం, ఆదివారం రాత్రి పొద్దుపోయేదాకా టీవీ ముందు కూర్చుని ఇంగ్లండు జట్ల ఆట చూసే పిల్లలు ఇప్పుడు తక్కువేమీ లేరు. వాళ్లలో హైదరాబాదు మూలాలున్నవాళ్లు కొందరు, బెంగుళూరు నీలం జెర్సీల నడుమ కూర్చుని కూడా, పసుపురంగు హైదరాబాదు జట్టును "మన టీము" అని చెప్పుకున్నారు.

ఆ టీము 2025 అక్టోబరులో ఢిల్లీకి వెళ్లిపోయింది. ఊరితోపాటు పేరూ మారింది. హైదరాబాద్ ఎఫ్.సి. కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇంట్లో బీరువాలో మడతపెట్టి ఉన్న పసుపు జెర్సీని చూపించి "మన టీము ఎందుకు వెళ్లిపోయింది నాన్నా?" అని పిల్లవాడు అడిగితే మనం ఏం చెబుతాం? "యజమాని తీసుకెళ్లాడు" అని చెప్పాలి. "మరి మన టీము అన్నావుగా!" అంటాడు వాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం పని.

దూరవాణినగర్ జట్టు

ముందు మన పేట సంగతి చూద్దాం. కె.ఆర్.పురం పక్కనే దూరవాణినగర్ ఉంది కదా. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, అక్కడ ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ పుట్టింది. మనందరి నోట అది ఐ.టి.ఐ. దేశంలో ఇళ్లలో, ఆఫీసుల్లో మోగిన నల్ల టెలిఫోన్లు ఇక్కడి నుంచి వెళ్లినవే. ఆ ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేదని కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లలో చాలామందికి తెలియదు.

మామూలు జట్టు కాదది. 1977లో దేశంలో మొట్టమొదటిసారి ఫెడరేషన్ కప్పు పోటీలు ఎర్నాకుళంలో జరిగాయి. కలకత్తా నుంచి మహామహులు వచ్చారు. ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి కప్పు పట్టుకొచ్చింది మన ఐ.టి.ఐ. జట్టే. దూరవాణినగర్ ఆ రోజు భారతదేశపు ఫుట్‌బాల్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

ఆనాటి పద్ధతి వేరు. ఆటగాడికి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఉండేది. ఆట వయసు దాటిపోయినా జీతం ఆగేది కాదు, పింఛను వచ్చేది. మైదానం చుట్టూ చేరి కేకలు వేసేవాళ్లూ ఆ ఫ్యాక్టరీ ఉద్యోగులే. హెచ్.ఎ.ఎల్. కూడా ఇదే పద్ధతిలో జట్టును పోషించి జాతీయ లీగు దాకా తీసుకువెళ్లింది. అయితే ఈ పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. ఫ్యాక్టరీ బాగుంటే జట్టు బాగుంటుంది. సెల్‌ఫోన్ల కాలం వచ్చి, 2000 తరువాత ఐ.టి.ఐ. నష్టాల్లో కూరుకుపోయింది. ఉద్యోగుల జీతాలకే కటకటగా ఉన్నచోట ఆటగాళ్లను ఎవరు పోషిస్తారు? ఆ జట్టు వైభవం కూడా అలాగే తగ్గిపోయింది. పోషించే చేయి ఒక్కటే అయితే, ఆ చేయి నొప్పెట్టిన రోజున జట్టు కింద పడుతుంది. హైదరాబాదు కథలోనూ జరిగింది ఇదే.

రహీం గారి ఊరు

హైదరాబాదు ఫుట్‌బాల్ నిన్నమొన్నటిది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షకుడిగా ఉండగానే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం పేరు ఆ రోజుల్లో దేశమంతా మోగింది. 1963లో రహీం గారు క్యాన్సరుతో కన్నుమూశారు. ఆ తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ నెమ్మది నెమ్మదిగా మసకబారింది.

అందుకే 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టినప్పుడు పాతవాళ్లకు ప్రాణం లేచి వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం సొంత మైదానం. 'డెక్కన్ లీజియన్' పేరుతో అభిమానుల బృందం ఒకటి తయారయింది. డప్పులు, జెండాలు, పాటలు అన్నీ వాళ్లే చూసుకున్నారు.

మొదటి ఏడు జట్టు అట్టడుగున నిలిచింది. అయినా అభిమానులు వదల్లేదు. తరువాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చాడు. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే జరిగాయి. కాబట్టి హైదరాబాదు వాళ్లు సొంత జట్టును టీవీలోనే చూసుకోవలసి వచ్చింది. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనలు. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. కేరళ ముందు గోలు కొట్టింది. ఇక రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోలులో పడి స్కోరు సమమయింది. పెనాల్టీల్లో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో హైదరాబాదు ఛాంపియను! పుట్టిన మూడో ఏటనే కప్పు. మరుసటి ఏడు కూడా లీగులో రెండో స్థానం.

కప్పు ఉంది, జీతం లేదు

ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. కప్పు గెలిచిన జట్టు కొంతకాలానికే జీతాలు ఇవ్వలేని స్థితికి వచ్చింది. మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. బకాయిలు రాని విదేశీ ఆటగాళ్లు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘమైన ఫీఫాకు ఫిర్యాదు చేశారు. బాకీ తీర్చేదాకా కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదని ఫీఫా నిషేధం పెట్టింది. 2024 జనవరి వచ్చేసరికి పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే మూట సర్దుకున్నారు. మిగిలిన కుర్రవాళ్లతో, తంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో, జట్టు ఆ సీజను లాక్కొచ్చింది. 22 ఆటల్లో గెలిచింది ఒక్కటి. 16 ఓడిపోయింది. మళ్లీ అట్టడుగు స్థానం.

ఓటమి అభిమానికి కొత్త కాదు. ఓడిన రోజున తిట్టుకుంటాడు, మరునాడు మళ్లీ జెండా పట్టుకుంటాడు. కాని ఇక్కడ జరిగింది ఆటలో ఓటమి కాదు. డబ్బు ఎక్కడికి పోయింది, ఎంత బాకీ ఉంది, ఎప్పుడు తీరుస్తారు అన్న ప్రశ్నలకు టికెట్టు కొన్నవాడికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. వార్తాపత్రికల్లో వచ్చిందే వాడికి తెలిసింది. ఇంట్లో అప్పు ఉన్న సంగతి పక్కింటివాళ్ల ద్వారా తెలిస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది వాళ్ల పరిస్థితి.

2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. (బెంగుళూరు ఎఫ్.సి.ని నడిపే జె.ఎస్.డబ్ల్యు. సంస్థ వేరు, ఇది వేరు.) ఊపిరి పీల్చుకున్నారు అందరూ. ఆ సీజనులో 13 జట్లలో 12వ స్థానం వచ్చింది. సరే, వచ్చే ఏడు చూద్దామనుకున్నారు. వచ్చే ఏడు హైదరాబాదులో జట్టే లేదు.

చేతులు మారిన పీట

ఇక్కడ మనం హైదరాబాదు వాళ్లుగా మాత్రమే ఆలోచిస్తే సగం కథే తెలుస్తుంది. హైదరాబాదుకు 2019లో లీగులో చోటు ఎలా దొరికింది? పుణే నగరపు జట్టు, ఎఫ్.సి. పుణే సిటీ, డబ్బు చిక్కుల్లో పడి మూతపడింది. ఆ ఖాళీ పీట మీదే మన జట్టు కూర్చుంది. మన ఇంట పండుగ జరిగిన రోజునే పుణేలో ఎవరో పిల్లవాడు వాళ్ల నాన్నను అడిగి ఉంటాడు, మన టీము ఏమైందని. ఆ రోజు మనకు ఆ సంగతి తట్టలేదు.

అదే 2019లో ఢిల్లీ డైనమోస్ అనే జట్టును దాని యజమానులు భువనేశ్వర్‌కు తరలించి ఒడిశా ఎఫ్.సి. అని పేరు పెట్టారు. ఢిల్లీ అభిమానులు ఆరేళ్లు తమదంటూ జట్టు లేకుండా ఉన్నారు. ఇప్పుడు హైదరాబాదు జట్టు వాళ్ల దగ్గరికి వెళ్లింది. వాళ్ల తప్పేమీ లేదు. కాని ఈ లెక్కన రేపు ఆ జట్టు మరో ఊరికి వెళ్లదని వాళ్లకు మాత్రం ఎవరు హామీ ఇస్తారు?

సినిమా ఆడకపోతే నిర్మాత నష్టపోతాడు. అంతమాత్రాన అభిమాన నటుణ్ణి వేరే ఊరివాళ్లకు అమ్మేయడు కదా! ఆటలో మాత్రం అది జరుగుతోంది. లీగులో ఆడే హక్కు ఒక కాగితం. ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే జట్టు వాళ్లది. పాటలు, జెండాలు, కప్పు గెలిచిన రాత్రి కన్నీళ్లు ఆ కాగితంలో ఎక్కడా లేవు.

బెంగుళూరుకు తగిలిన సెగ

"మన బెంగుళూరు జట్టు అలా కాదులెండి" అని ఇక్కడివాళ్లు అనుకునేవాళ్లు. నిజమే, 2013లో పుట్టిన బెంగుళూరు ఎఫ్.సి. పద్ధతిగా నడిచే క్లబ్బని దేశమంతా పేరు. మొదటి ఏడే ఐ-లీగు గెలిచింది. 2018-19లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది. సునీల్ ఛెత్రి ఆట చూడటానికి కంఠీరవ స్టేడియం నిండిపోయేది. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అభిమానుల పాటలు వినడానికే వెళ్లినవాళ్లు ఉన్నారు. మనకైతే ప్రయాణం కూడా సులువయింది. 2023 అక్టోబరు నుంచి కె.ఆర్.పురంలో మెట్రో ఎక్కితే నేరుగా కబ్బన్ పార్కులో దిగవచ్చు.

అటువంటి క్లబ్బు కూడా 2025 ఆగస్టు 4న తన ప్రధాన జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. కారణం లీగే ఆగిపోవడం. లీగును నడిపించే సంస్థకు, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరులో ముగిసింది. ఆ ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. కొత్త ఒప్పందం సంగతి తేలకపోవడంతో జూలైలోనే సీజనును పక్కన పెట్టారు. తరువాత సమాఖ్య టెండర్లు పిలిచింది. బిడ్ల పరిశీలనకు మన తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు గారి ఆధ్వర్యంలో కమిటీ వేశారు. నవంబరు 7 గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డు కూడా రాలేదు! పదేళ్లకు పైగా కోట్లు గుమ్మరించిన లీగును నడుపుతామని ముందుకొచ్చినవాడు లేడు. చివరికి కేంద్ర క్రీడా శాఖ జోక్యంతో 2026 ఫిబ్రవరి 14న కుదించిన సీజను మొదలైంది.

యజమానుల మాటా విందాం

కోపంలో ఒక పక్షం మాటే వినడం న్యాయం కాదు. యజమానులు లేకపోతే ఈ క్లబ్బులు పుట్టేవే కావు. విదేశీ ఆటగాళ్లు, శిక్షకులు, విమాన ప్రయాణాలు, హోటళ్లు, మైదానం అద్దె, కుర్రాళ్ల అకాడమీ, వీటన్నిటికీ ఖర్చు పెట్టాలి. రాబడి చూస్తే టికెట్ల సొమ్ము స్వల్పం. టీవీ హక్కుల డబ్బు క్రికెట్టుకు వచ్చినట్టు రాదు. స్పాన్సర్లు గెలిచిన ఏడు వస్తారు, ఓడిన ఏడు ముఖం చాటేస్తారు. కాబట్టి ప్రతి సీజనూ యజమాని జేబులోంచి పూడ్చవలసిందే. అప్పు చేసి పప్పు కూడు ఎన్నాళ్లు తింటారు?

అందుకనే అసలు ప్రశ్న యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు. మంచివాడి జేబు కూడా ఒకనాటికి ఖాళీ అవుతుంది. ఆ రోజు వచ్చినప్పుడు జట్టుకు ఆసరా ఏమిటి? ముందుగా హెచ్చరించే వ్యవస్థ ఏది? మన సంఘాన్నే తీసుకోండి. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లేచి జమాఖర్చులు చదువుతారు. ఉగాది భోజనాలకు అంత ఖర్చేమిటని ఎవరో ఒకరు లేచి అడుగుతారు. కోశాధికారి నొచ్చుకుంటారు, కాని జవాబు చెబుతారు. చందా కట్టినవాడికి ఆ హక్కుంది. సీజను టికెట్టుకు మన చందాకన్నా ఎక్కువే కట్టే అభిమానికి ఆ హక్కు లేదు.

పల్లెల్లో గుడి సంగతి కూడా అంతే. ధర్మకర్త ఎంత ధనవంతుడైనా, గోపురం ఆయన కట్టించిందే అయినా, గుడి ఊరిది. ఆయన పట్నం వెళ్లిపోతూ దేవుణ్ణి బండిలో పెట్టుకుపోతానంటే ఊరు ఒప్పుకోదు.

బయటి దేశాల్లో ఏం చేశారు?

ఈ బాధ మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో 1988లో ఎఫ్.ఎ. కప్పు గెలిచిన వింబుల్డన్ జట్టును దాని యజమానులు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ పట్నానికి తరలించారు. 2002లో అందుకు అనుమతి రాగానే అభిమానులు ఏం చేశారో తెలుసా? చందాలు వేసుకుని ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. పార్కులో బహిరంగంగా ఎంపికలు పెట్టి ఆటగాళ్లను తీసుకున్నారు. అట్టడుగు లీగుల్లో మొదలుపెట్టి, తొమ్మిదేళ్లలో మెట్టు మెట్టుగా ఎక్కి 2011లో పెద్ద లీగులో అడుగుపెట్టారు. 2020లో తమ పాత పేటలోనే సొంత స్టేడియం కట్టుకున్నారు.

అదే దేశంలో 1885 నాటి బరీ అనే క్లబ్బును 2019 ఆగస్టులో లీగు నుంచి తొలగించారు. అప్పులు తీర్చే దారి యజమాని చూపలేకపోవడమే కారణం. ఇటువంటివి చూసి చూసి, చివరికి అక్కడి పార్లమెంటు 2025లో ఫుట్‌బాల్ పాలనకు ఒక చట్టం చేసింది. యజమాని తగినవాడా కాదా, డబ్బు ఎక్కడిది అని పరిశీలించే స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది.

జర్మనీ దారి మరొకటి. అక్కడ క్లబ్బు ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలి. పెట్టుబడిదారుడు డబ్బు పెట్టవచ్చు, లాభం తీసుకోవచ్చు, కాని పెత్తనం మాత్రం సభ్యులదే. ఫ్యాక్టరీల నుంచి పుట్టిన లెవర్‌కూజన్, వోల్ఫ్స్‌బుర్గ్ వంటి జట్లకు మినహాయింపు ఇచ్చారు. అవి మన ఐ.టి.ఐ. జట్టుకు దూరపు చుట్టాలన్నమాట!

మనం అడగవలసినవి

మన దేశంలో రేపే జర్మనీ పద్ధతి వస్తుందని అనుకోవడం అత్యాశ. కాని అడిగితే తప్పేముంది? అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ప్రతి క్లబ్బూ ఏడాదికోసారి తన ఆదాయం, ఖర్చు, బాకీలు అభిమానులకు అర్థమయ్యే భాషలో ప్రకటించాలి. రెండోది, సీజను మొదలయ్యే ముందే ఆటగాళ్ల, సిబ్బంది జీతాలకు సరిపడా సొమ్ము పక్కన పెట్టించాలి. బెంగుళూరులో రెండు గదుల ఇంటికే పది నెలల అడ్వాన్సు అడిగేవాళ్లున్నారు. ఒక ఊరి పేరు వాడుకునేవాళ్లను ఒక సీజను జీతాల అడ్వాన్సు అడగడం అన్యాయం కాదు. మూడోది, క్లబ్బు పేరు, రంగు, ఊరు మార్చాలంటే సీజను టికెట్టుదారుల అభిప్రాయం తీసుకోవాలి. నాలుగోది, నిర్వాహక వర్గంలో అభిమానుల ప్రతినిధి ఒకరికి కుర్చీ వేయాలి. ఆయన చెప్పినట్టే చేయనక్కరలేదు. లెక్కలు ఆయన చెవిన పడితే చాలు.

ఇక మనవైపు నుంచి చేయవలసిందీ ఉంది. అభిమాన బృందాలు డప్పులకే పరిమితం కాకుండా సంఘాలుగా రిజిస్టరు చేసుకోవాలి. రిజిస్టరయిన సంఘం రాసే ఉత్తరానికి ఉన్న విలువ విడివిడిగా పెట్టే కేకలకు ఉండదు. రెండోది, పెద్ద జట్టు ఒక్కటే ఫుట్‌బాల్ అనుకోకూడదు. కర్ణాటక రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం నడిపే స్థానిక లీగుల్లో చిన్న చిన్న క్లబ్బులు ఆడుతుంటాయి. ఆ ఆటలకు పిల్లలను తీసుకెళ్లండి. పెద్ద యజమాని వెళ్లిపోయిన రోజున ఊళ్లో ఆట మిగలాలంటే ఈ చిన్న మైదానాలే దిక్కు. సిటీ పోలీసు జట్టూ, ఐ.టి.ఐ. జట్టూ ఇటువంటి స్థానిక మైదానాల్లో ఆటలాడే పెరిగాయి.

హైదరాబాదులో పసుపు జెర్సీ వేసుకున్న పిల్లలకు మనం చెప్పగలిగింది ఒకటుంది. లీగులో ఆడే హక్కు ఢిల్లీకి వెళ్లింది. 2022 మార్చి 20 రాత్రి కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలు ఎక్కడికీ వెళ్లలేదు, అవి ఆ ఊరివే. కొత్త జట్టు మళ్లీ వస్తుంది, హైదరాబాదుకైనా, మరో తెలుగు పట్టణానికైనా. వచ్చిన రోజున జెండాతోపాటు ఒక చిన్న నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లమనండి. ఆట మొదలవకముందే లెక్కలు అడగమనండి.